శివేతరక్షతి : గోలకొండ కవుల సంచికపై విమర్శ

కావ్యప్రయోజనములను జెప్పుచు మమ్మటుఁడు కీర్తి, ధనము, వ్యవహారజ్ఞానము, శివేతరక్షతి, సద్యఃపరనిర్వృతి, కాంతాసమ్మితోపదేశము అని యాఱింటిని బేర్కొనెను. పాఠశాలలలో నీ యాఱింటిని విద్యార్థులచే వల్లె వేయించుట కలదు. కాని తక్కిన యైదింటిని గూర్చి జరిగినంత చర్చ శివేతరక్షతిని గుఱించి జరుగలేదు. శివేతరక్షతి యనఁగా అమంగళనివారణము. దీనికి మయూరకవి సూర్యశతకము దృష్టాంతముగాఁ జూపఁబడుచున్నది. మయూరుఁడు సూర్యుని స్తుతించి వ్యాధిముక్తుఁడయ్యె నని ఐతిహ్యము. అనఁగా నీ ప్రయోజనము కవి యొక్కని యాపదను బోఁగొట్టుటకే పరిమిత మని లోకము తలఁచినది. తెనుఁగున కంచర్ల గోపన్నను గూర్చిన కథయు నట్టిదే. తానీషా కాలమున గోలకొండ చెఱసాలలో నుండి రాముని వేఁడుకొనుచు నతఁడు పాడిన పాట లతని చెఱ విడిపించె నని జను లిప్పటికిని జెప్పుకొందురు.

ఇట నొక ప్రశ్న పుట్టును. ఆపద కవి యొక్కనిది గాక జనసమూహమున కంతకుఁ గలిగినదైనచో, దానిని దొలఁగించుటకై యొక వ్యక్తి తన యిచ్ఛచేతనే, రాజాజ్ఞయు ధనాశయు లేక, యొక రచనకుఁ బూనుకొనుట శివేతరక్షతి యగునా? అగునేని యట్టి రచనకు విలువ కట్టుట యెట్లు? సంకల్పము మంచిదని గుణదోషములను విడిచిపెట్టవలెనా, లేక కష్టకాలమున వెలసిన గ్రంథమునకును సుఖకాలమున వెలసిన గ్రంథమునకును ఒకే త్రాసు పట్టవలెనా? ఈ ప్రశ్నకుఁ దెలంగాణమున సమాధానము వెదకఁదగిన గ్రంథము సురవరము ప్రతాపరెడ్డిగారు 1934లో వెలువరించిన ‘గోలకొండ కవుల సంచిక’. దానిని బ్రశంసించినవారు పెక్కండ్రు. విమర్శించినవారు కొలఁది. ప్రశంస మాత్రమే పొందిన గ్రంథము క్రమముగాఁ జదువఁబడక పూజింపఁబడును గావున, దాని గుణములను దోషములను ఒక్క చోటఁ జేర్చి చూచుట అవసరము.

కాలస్థితి

గ్రంథమును దెలియుటకు ముందు కాలమును దెలియవలెను. నిజాము రాష్ట్రమునఁ దెనుఁగు మాటలాడు ప్రజలు లక్షోపలక్షలుగా నుండియు, కచ్చేరీలలో భాష ఉర్దూ. 1918లో నెలకొన్న ఉస్మానియా విశ్వవిద్యాలయమున బోధనభాషయు నదియే. తెనుఁగు చదువఁగోరిన బాలునకుఁ బల్లెలలో వీధిబడియే దిక్కు. సభ జరుపవలె నన్న ముందుగా సర్కారు అనుజ్ఞ పొందవలెను. 1921 నవంబరులో హైదరాబాదు వివేకవర్ధినీ నాటకశాలలో కర్వే పండితుని యధ్యక్షతను సంఘసంస్కారసభ జరిగినపుడు, ఆలంపల్లి వేంకటరామారావుగారు తెనుఁగున మాటలాడ లేచిరి. అంతకు ముందు ఇతరభాషలలోని యుపన్యాసములను నెమ్మదిగా వినిన సభ్యులలోఁ గొందఱు చప్పట్లు కొట్టి యల్లరి చేసి యాయనను గూర్చుండఁజేసిరి. ఆ పరాభవమునుండియే ఆంధ్రజనసంఘము పుట్టినది. పరాభవము పిమ్మట వాదోపవాదములతో నూరకుండక యొక పనికిఁ బూనుకొనుట తెలంగాణోద్యమమున కాదినుండియు నున్న లక్షణ మని దీనివలనఁ దెలియును.

అంతకు మునుపే 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్రభాషానిలయమును, 1906లో విజ్ఞానచంద్రికాగ్రంథమండలియు హైదరాబాదున వెలసినవి. 1922లో నల్లగొండనుండి ‘నీలగిరి’యు, ఇనుగుర్తినుండి ‘తెనుఁగు పత్రిక’యు బయలుదేఱినవి. 1926వ సంవత్సరము మే 10వ తేదిని ప్రతాపరెడ్డిగారు గోలకొండపత్రికను స్థాపించిరి. 1930లో మెదకు మండలపు జోగిపేటలో నిజాము రాష్ట్రాంధ్రమహాసభ ప్రథమసమావేశము జరిగినపుడు అధ్యక్షు లాయనయే. నేఁడా జోగిపేట సంగారెడ్డి జిల్లాలోనిది. ఆ సందర్భముననే నడింపల్లి సుందరమ్మగారి యధ్యక్షతను ఆంధ్రమహిళాసభయు నచటనే జరిగినది. కావున సంచికాసంపాదకుఁడు గ్రంథాలయమునఁ గూర్చుండి వ్రాఁతప్రతులను మాత్రమే తిరగవేసిన పండితుఁడు గాఁడు. పల్లెలు తిరిగి, సభలు నడపి, పత్రిక నచ్చొత్తించి, యెచట నెవఁడు పద్య మల్లుచున్నాఁడో యెఱిఁగిన వ్యక్తి.

సంచికకుఁ గారణము

నిజాము రాష్ట్రమునఁ దెనుఁగుకవులు లేరను నర్థము వచ్చునట్లు ఆ కాలమున నొక లేఖకుఁడు వ్రాసెను. వ్రాసినవానికి దురుద్దేశ మున్నను లేకున్నను, ఆ మాట తగిలిన చోటు మాత్రము మర్మస్థానము. కచ్చేరిలో భాష లేదు, కళాశాలలో భాష లేదు, సభలో మాటలాడఁబోయిన నవ్వులు. ఇంక మిగిలిన దొక్క కవిత్వము. అదియు లేదన్నచో నా ప్రజ దన దని చెప్పుకొనఁదగిన దేమియు నుండదు.

దీనికిఁ బ్రత్యుత్తర మిచ్చుటకు మార్గములు మూఁడు. మొదటిది ఖండనవ్యాసము. పత్రికాధిపతికి దానికంటె సులభ మైనది లేదు. రెండవది పూర్వకవుల పట్టిక. పాలకురికి సోమనాథుఁడు మొదలు బమ్మెర పోతన, గోన బుద్ధారెడ్డి, చరిగొండ ధర్మన, కామినేని మల్లారెడ్డి, సురభి మాధవరాయలు వఱకు నెందఱినైనఁ బేర్కొనవచ్చును. మూఁడవది బ్రతికియున్న కవుల యిండ్లకుఁ బోయి, వారి పద్యముల నడిగి తెచ్చి, లోకము ముందుంచుట. ఇది మిక్కిలి కష్టము, మిక్కిలి యాలస్యము, వ్యయప్రయాసలతోఁ గూడినది. ప్రతాపరెడ్డిగారు తమ పత్రికాముఖమునఁ గవులను గోరి, వారి వృత్తాంతములను బద్యములను సేకరించి, 354 మంది కవులతో సంచికను బ్రకటించిరి. ఇందుఁ బూర్వులును గలరు, సమకాలికులును గలరు. కాని గ్రంథమునకు ప్రాణము సమకాలికులయందున్నది.

ఇచట గమనింపఁదగిన విశేష మొకటి. నిందకుఁ బ్రతినింద లేదు. లేరన్నవానిని దూషించుటకై కవిత్వమును వాడుకొనలేదు. ఉన్నవారిని జూపుటతోడనే పని ముగిసినది. ప్రజలకు ధైర్యము చెప్పఁదలఁచినవాఁడు ‘మీరు గొప్పవారు’ అని పదిమాఱులు చెప్పినను గలుగని విశ్వాసము, ‘మీ యూరివాని పద్య మిదిగో’ అని యొక్క మాఱు అచ్చులోఁ జూపినచోఁ గలుగును. మారుమూల గ్రామమున నొక గుడి యరుఁగుమీఁదనో బడిపందిటిక్రిందనో చదువఁబడి, యచటనే మఱువఁబడు పద్యము, పేరుతో నూరితో సహితముగ అచ్చుపడుట యా గ్రామమున కంతకు నొక గౌరవము. శివేతరక్షతి యనునది సంచికయందు స్తోత్రముగా గాక సాక్ష్యముగా వెలసినది. దీని క్రొత్తదన మిదియే.

సంకలనము కవికర్మయా?

పరుల పద్యములను జేర్చినవానికిఁ గర్తృత్వ మెక్కడిది, ఇట్టి గ్రంథమున సంపాదకుని ప్రతిభ యెక్కడ నున్నది అని యాక్షేపము రావచ్చును. సంకలనము మనకుఁ గ్రొత్తది గాదు. శాతవాహనప్రభువగు హాలుఁడు ప్రాకృతగాథలను గూర్చి గాథాసప్తశతిని లోకమున కిచ్చెను. ఆ గాథలలోఁ గాఁపువాని పొలము, గొల్లవాని గుడిసె, వర్షాకాలపు బాట, ఎదురుచూపుల యిల్లాలు గలరు. అవి చేర్పఁబడకున్న నా కాలపుఁ బల్లెబ్రదుకును దెలిపెడి గాథలలో నధికభాగము మనకు దక్కియుండదు.

తెనుఁగునను సబ్బినాటి రామగిరి ప్రాంతముతో సంబంధము గల మడికి సింగన పదునేనవ శతాబ్దిలో సకలనీతిసమ్మతమును గూర్చెను. ముద్రామాత్యము, పురుషార్థసారము మొదలగు గ్రంథములలోని పద్యములు మనకు దక్కుట కాతని సంకలనమే కారణము. అట్లే పెదపాటి జగన్నాథకవి ప్రబంధరత్నాకరమున నామావశిష్టులైన కవుల పద్యము లెన్నియో నిలిచినవి. వేటూరి ప్రభాకరశాస్త్రిగారు దానినుండి పద్యముల నేఱి 1918లో ప్రబంధరత్నావళిగాఁ బ్రకటించినపు డాంధ్రవాఙ్మయచరిత్రమునఁ గొన్ని ఖాళీలు పూడినవి. తెలంగాణమునకు సంబంధించిన సింగన సంకలనము పూర్వగ్రంథములకు రక్ష యైనట్లే, ప్రతాపరెడ్డిగారి సంకలనము సమకాలికగ్రామకవులకు రక్ష యైనది.

కాని రెంటికిని భేద మున్నది. సింగనయు జగన్నాథకవియు విషయము ననుసరించి మేలిపద్యముల నేఱిరి. నీతి, వర్ణన, రసము వారికి ప్రమాణము. సంచికకుఁ బ్రమాణము పద్యము గాదు, పద్యము చెప్పిన మనుష్యుఁడు. ఎవఁ డెంత బాగుగఁ జెప్పెను అనుటకంటె, ఎవఁ డెచటనుండి చెప్పెను అనునది యిందు ముఖ్యము. రత్నపరీక్షకుఁడు రాళ్లను విడిచి రత్నములను దీయును. జనసంఖ్యాకుఁడు ఇంటింటికిఁ బోయి పేరు వ్రాసికొనును. ప్రతాపరెడ్డిగారు రత్నపరీక్షాసమర్థులయ్యు జనసంఖ్యాకుని పని చేసిరి. ఇది దోషమా, గుణమా?

గుణదోషవిచారము

దోషము దోషమే. సంచికయందలి పద్యములన్నియు సమానములు గావు. శతకధోరణిలోని పునరుక్తి, సమస్యాపూరణములలోని యుక్తిచమత్కారము, పూర్వప్రబంధముల పలుకుబళ్లు, యతిప్రాసలకై తెచ్చిన పదములు వీనిలో సమృద్ధిగాఁ గలవు. 354 మందియు మహాకవులని యెవఁడును జెప్పరాదు, సంపాదకుఁడును జెప్పలేదు. పాఠశాలాపండితులు సంచికను బొగడునపుడు సంఖ్యను మాత్రమే చెప్పి పద్యమును జదువకుండుట, ఈ దోషమును గప్పిపుచ్చుటకుఁ జేసెడి లౌక్యమే గాని గౌరవము గాదు. సాధారణపద్యమును సాధారణ మనియే చెప్పి, దానిలోని మంచిపలుకును వేఱుగాఁ జూపుట విమర్శకుని విధి.

దీనికంటె లోతైన దోషము మఱియొకటి గలదు. లేరన్నవాని ప్రశ్నలోఁ దప్పు సంఖ్యయందు లేదు, కొలమానమునందున్నది. అచ్చునకెక్కనివాఁడు కవి గాఁ డనియు, పట్టణపు పత్రికలకుఁ దెలియనిది లేనిదే యనియు నతని కొలమానము. 354 అని లెక్క చూపుటవలన నా కొలమానమునే సంచిక కొంతవఱకు నంగీకరించినట్లయినది. కవులు పదుగురే యున్నను, ఆ పదుగురిలో నొకఁడు పోతన వంటివాఁడయినచో దేశమునకుఁ గొఱతయా? వేయిమంది యున్నను ఒక్కని పద్యమును హృదయమున నిలువనిచో నేమి లాభము? నిందకుఁ బ్రత్యుత్తరముగాఁ బుట్టిన కృతి నింద వేసిన గిరిలోనే తిరుగు నపాయ మెప్పుడును గలదు. ఇతరులకు ధైర్యము గొలుపఁబూనినవాఁ డెవఁడైనను ఈ గిరిని మొదటనే గుర్తింపవలెను.

అయినను సంచికయందలి సామాన్యకవులకు వేఱొక విలువ గలదు. గొప్పకవి కాలమును మీఱి పలుకును. సామాన్యకవి తన కాలమునే పలుకును. తన యూరిదేవుఁడు, తన దొర, తన కఱవు, తన గురువు, తన కాలపు మర్యాద వాని పద్యమునఁ జిక్కుకొనియుండును. ఈ సత్యమును సంపాదకుఁడే పిమ్మట నిరూపించిరి. 1949లో వెలువడిన ‘ఆంధ్రుల సాంఘికచరిత్ర’యందు తూర్పుచాళుక్యుల కాలము మొదలుకొని ప్రజల తిండి, బట్ట, ఆట, నమ్మకము, వ్యాపారము మొదలగువానిని నిరూపించుటకు వారు కావ్యములనే సాక్షులుగాఁ బిలిచిరి. పండితారాధ్యచరిత్రము, క్రీడాభిరామము, శుకసప్తతి, హంసవింశతి మొదలగు గ్రంథములలో నలంకారికు లంతగాఁ బాటింపని చోటుల నుండి యొక ప్రజాచరిత్రమును వారు వెలికిఁదీసిరి. సంచికలోఁ జిన్నకవిని మనుష్యుఁడుగాఁ జూచిన దృష్టియే, చరిత్రలోఁ జిన్నమాటను సాక్ష్యముగాఁ జూచిన దృష్టిగాఁ బరిణమించిన దని చెప్పుట సమంజసము. ఆ చరిత్రమునకు 1955లో కేంద్రసాహిత్య అకాడమీ పురస్కారము వచ్చినది. తెనుఁగున నది మొదటిది. కాని దానిని స్వీకరించుటకు 1953లోనే దివంగతులైన ప్రతాపరెడ్డిగారు లేకపోయిరి.

పొట్లచెఱువు సాక్ష్యము

సంఖ్యతోఁ గాక వస్తువుతోఁ జెప్పఁదగిన ప్రత్యుత్తరము రాజధానికి మిక్కిలి సమీపముననే యున్నది. నేఁడు పటాన్‌చెఱువని వ్యవహరింపఁబడు ఊరు పూర్వకావ్యములలోఁ బొట్లచెఱువు. ఇబ్రహీం కుతుబ్‌షా పాలనాకాలమున (1550–1580) నచట నధికారము నెఱపిన అమీనుఖానునకుఁ బొన్నికంటి తెలగనార్యుఁడు యయాతిచరిత్రము నంకిత మిచ్చెను. అది తెనుఁగున మొదటి అచ్చతెనుఁగుకావ్యము. పటాన్‌చెఱువు చేరువనున్న అమీనుపురమును, దాని చెఱువును నేఁటికిని ఆ ప్రభువు పేరును దలపించుచున్నవి.

అచ్చతెనుఁగున మహాభారతకథను నడపుట యెంత కష్టమో పండితులకుఁ జెప్పఁబనిలేదు. తత్సమములను విడిచి, తద్భవములతోను దేశ్యములతోను మాత్రమే దేవయానీశర్మిష్ఠల కలహమును, శుక్రుని శాపమును, యయాతి ముదిమిని బూరుని త్యాగమును వర్ణింపవలెను. సంస్కృతపదము నోటికి రాఁగానే త్రోసిపుచ్చి, దానికి దీటైన యింటిమాటను వెదకుకొనవలెను. ఏ ప్రభువును దండింపఁబోఁడు, ఏ లాక్షణికుఁడును విధింపలేదు. కవి తన కొక కట్టుబాటును దానే యేర్పఱచుకొని, దానిలోనే స్వేచ్ఛను సాధించెను. తెనుఁగుమాటకుఁ దనంతఁ దాను నిలువఁగల బల మున్న దని దీనికంటె సూటిగాఁ జెప్పిన గ్రంథ మంతకు మునుపు లేదు.

ఇందు రెండు విషయములు గమనింపవలెను. మొదటిది: పారసీకము రాజభాషగా నున్న కొలువునందు, తెనుఁగునకు నిండుగౌరవము దొరికినది. ఇబ్రహీం కుతుబ్‌షాను దెనుఁగుకవులు మల్కిభరాముఁడని కొనియాడిరి. అద్దంకి గంగాధరుఁడు తపతీసంవరణోపాఖ్యానము నాతని కంకిత మిచ్చెను. కావున మూఁడు శతాబ్దుల పిమ్మటఁ దెనుఁగునకు వచ్చిన కష్టమునకుఁ బాలకుని మతమును గాని, మఱియొక భాషను గాని కారణముగాఁ జెప్పుట చరిత్రకు విరుద్ధము. కారణము పాలనయందలి యుపేక్ష. ఒక భాషను నిలుపుటకు మఱియొక భాషను ద్వేషింపఁబనిలేదని పొట్లచెఱువు సాక్ష్య మిచ్చుచున్నది.

రెండవది: పొట్లచెఱువునఁ బుట్టిన యీ మార్గము తీరాంధ్రమునకును బ్రాఁకినది. పదునెనిమిదవ శతాబ్దిని గూచిమంచి తిమ్మకవి అచ్చతెలుఁగు రామాయణమును, నీలాసుందరీపరిణయమును రచించి యా త్రోవను మఱింత పెంపొందించెను. తెలంగాణమునఁ గవులు లేరన్నవారి ప్రాంతపుఁ గవియే తెలంగాణకవి వేసిన బాటను నడచెను. సంచికాసంపాదకుఁడు 354 పేరులను జూపుటకు మాఱుగా నీ యొక్క బాటను జూపియున్నను బ్రత్యుత్తరము పూర్ణమై యుండును. కాని పాత బాటను జూపినచో విద్వాంసుఁ డొప్పుకొనును, పల్లెలోని కవికి మాత్రము ధైర్యము గలుగదు. ఆతనికిఁ గావలసినది పూర్వుని కీర్తి గాదు, తన పేరు. ఇట సంచికయొక్క దోషము దాని ప్రయోజనమునకు మూల్యముగాఁ గనఁబడుచున్నది. ఇది తెలిసి చెల్లించిన మూల్య మని యెంచినచో నింద కొంత తగ్గును.

అనంతరులు

ఇట్టి స్వయంసంకల్పిత మగు ప్రయత్న మొక్క సంచికతో నాగిపోలేదు. 1938లో వట్టికోట ఆళ్వారుస్వామిగారు దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించి, చిన్నవెల పుస్తకములను బ్రకటించి, స్వయముగా మోసికొనిపోయి పల్లెలలోఁ బంచిపెట్టి యమ్మిరి. ఆ గ్రంథమాలకు దేశోద్ధారక కాశీనాథుని నాగేశ్వరరావుగారి స్మృతియే పేరు. సంచిక పల్లెనుండి పట్టణమునకుఁ బద్యమును దెచ్చెను. గ్రంథమాల పట్టణమునుండి పల్లెకుఁ బుస్తకమును గొనిపోయెను. ఈ రాకయుఁ బోకయుఁ గలిసినఁ గాని సాహిత్యమునకు రక్తప్రసారము లేదు.

ఆళ్వారుస్వామిగారును దాశరథి కృష్ణమాచార్యులును నిజామాబాదు కారాగారమున నొక్కచో నుండిరి. కాగితము దొరకనిచోట దాశరథిగారు బొగ్గుతోఁ జెఱసాలగోడపైఁ బద్యము వ్రాయుట తెలంగాణమున నందఱు నెఱిఁగిన విషయము. 1949లో నాయన అగ్నిధార వెలువడినది. గోపన్న పాటలకును ఈ గోడవ్రాఁతకును నున్న భేదము విచారింపఁదగినది. చెఱ యొక్కటియే గోలకొండలో నైనను నిందూరులో నైనను. గోపన్న తన్ను విడిపింపు మని దేవుని వేఁడెను. దాశరథి చెఱలోనుండి తన జాతి విడుదలనే పలికెను. మమ్మటుఁడు చెప్పిన శివేతరక్షతి యొక వ్యక్తినుండి జనసామాన్యమునకుఁ బ్రాఁకిన తీరు తెలంగాణవాఙ్మయమున నింత స్పష్టముగాఁ జూడవచ్చును.

సంచికయు, గ్రంథమాలయు, గోడపద్యమును మూఁడును ఏ సంస్థయు నాజ్ఞాపింపఁగాఁ బుట్టినవి గావు. మూఁటియందును ఆరంభించినవాఁడు తన చేతనున్న దానితోనే యారంభించెను. ఒకనికిఁ బత్రిక, ఒకనికిఁ బుస్తకముల మూట, ఒకనికి బొగ్గుముక్క. సాధనసంపత్తి సమకూడిన పిమ్మటఁ బని మొదలు పెట్టుద మనువానికిఁ గష్టకాల మెన్నఁడును ననుకూలింపదు.

కర్దనూరు ప్రాంతమునకు సంచిక

ఈ విచారము గతమునకే గాక వర్తమానమునకును జెల్లును. పటాన్‌చెఱువు మండలమున కర్దనూరు మొదలగు గ్రామములు నేఁడు పరిశ్రమల నడుమ నున్నవి. 1972లో మెట్టపంటల పరిశోధనకై ఇక్రిశాట్ సంస్థ పటాన్‌చెఱువున నెలకొన్నది. ఆ దశాబ్దినుండియే మందుల, రసాయనముల కర్మాగారము లీ ప్రాంతమున బెరిఁగినవి. జొన్నచేలు పోయి కొలుములు వచ్చినవి. కూలి పెరిఁగినది, నక్కవాగు నీరు చెడినది. దేశపు నలుమూలలనుండి శ్రామికులు వచ్చి చేరిరి. పొట్లచెఱువున నచ్చతెనుఁగు పుట్టిన నేలమీఁద నేఁడు ఒడియా, హిందీ, బంగాళీ మాటలు వీధివీధిని వినఁబడుచున్నవి.

2020 మార్చి 25వ తేదినుండి మహమ్మారి కారణమున దేశమంతట రాకపోకలు నిలిచినపుడు, సంగారెడ్డి కందిలో భవననిర్మాణపుఁ బనులు చేయు శ్రామికులు పనియు నిలిచి, స్వస్థలములకుఁ బోవు దారియుఁ గానక పడిన యిక్కట్టు లోకమున కెల్లఁ దెలిసినది. మే 1వ తేదిని లింగంపల్లినుండి హటియాకు సుమారు 1,200 మంది శ్రామికులతో వెడలిన రైలుబండి యా కాలమున శ్రామికులకై నడపఁబడిన బండ్లలో మొదటిది. ఆ దినములలోఁ బాడుకొనిన పాటలు, ఇంటికి వ్రాసికొనిన మాటలు, నడచినవారు చెప్పుకొనిన కథలు ఒక్కచోటఁ జేరినచో నవియు నొక సంచిక యగును. అట్టి సంచికకుఁ బూనుకొనువాఁడు కర్దనూరి బడిపంతులు కావచ్చును, కర్మాగారమునఁ బని చేయు యువకుఁడు కావచ్చును. సురవరమువారి సంచిక వానికి మార్గదర్శి, దాని దోషము వానికి హెచ్చరిక.

ఆ హెచ్చరికను సూత్రముగాఁ జెప్పవలెనన్న నిట్లుండును. పరులను ఉద్ధరించుచున్నా నను నహంకారము లేక పరుల గొంతును వినిపింపవలెను. కష్టమును వర్ణించి జాలి పుట్టించుటతో నిలువక, కష్టములోను జనులు చేసిన పనిని జూపవలెను. ఎవనికో ప్రత్యుత్తర మిచ్చుటకై పేరులను లెక్కపెట్టుటకంటె, నిలుచు పలుకుల నేఱుట మేలు. లెక్కయును విడువరానిచో, లెక్క కొక భాగమును ఏఱికకు మఱియొక భాగమును గేటాయింపవలెను. తెనుఁగునేలపై బ్రదుకుచున్న యితరభాషలవారి మాటను తెనుఁగులిపిలో వ్రాసి, దాని ప్రక్కనే యర్థము చెప్పినఁ దెనుఁగునకు లోపము లేదు. పారసీకపు గొలువులో నచ్చతెనుఁగు నిలువఁగలిగినపుడు, తెనుఁగువీధిలోఁ బరభాషాగీతము నిలువరాదా?

తీర్పు

మొదట వేసిన ప్రశ్న కిపుడు సమాధానము చెప్పవచ్చును. కష్టకాలకృతికిని సుఖకాలకృతికిని త్రాసు ఒకటియే. కాని తూఁచవలసిన వస్తువు లిందు రెండు. పద్యమును బద్యముగాఁ దూఁచునపుడు దయ చూపరాదు. ఆ తూనికలో గోలకొండ కవుల సంచికయందలి యధికభాగము తేలికపడును, కొంత నిలుచును. సంచికను సంచికగాఁ దూఁచునపుడు, అది యెవరిని నిలిపెను, ఏమి కాపాడెను, ఏ పనికిఁ ద్రోవ తీసెను అని యడుగవలెను. ఆ తూనికలో నది మిక్కిలి బరువైనది. అది వెలువడిన పిమ్మటఁ దెలంగాణమునఁ గవులు లేరను మాట మఱి పైకి లేవలేదు. దానినిఁ గూర్చిన దృష్టియే సాంఘికచరిత్రగా ఫలించినది. పేరులేని పద్యములకు పేరు దొరికినది.

మమ్మటుని పట్టికలోని కీర్తియు ధనమును ఇట్టి కృతిని గూర్చినవానికి ఫలములు గావు. కీర్తి 354 మందికిఁ బంచఁబడినది, ధనము అచ్చుకూలికిఁ బోయినది. మిగిలినది శివేతరక్షతి. అది కవి యింటి కమంగళమును మాత్రమే పోఁగొట్టు నని తలఁచిన పూర్వవ్యాఖ్యను సవరించి, పదుగురి యమంగళమును బోఁగొట్టునదియు శివేతరక్షతియే యని చేర్చుకొనుట నేఁటి యలంకారశాస్త్రబోధకుల కర్తవ్యము. దృష్టాంతమునకు మయూరుని ప్రక్కన సురవరమువారి సంచికను బేర్కొనవచ్చును. అయితే విద్యార్థికి సంఖ్యతోపాటు అందలి మంచిపద్యములఁ గొన్నింటినైనఁ జదివి వినిపింపవలెను. చదువఁబడినపుడే యా 354 మందియు నున్నవా రగుదురు.